మూడొందల కిలోలు, రెండు పట్టీలు

ఈసారి హైవే మీద టీ తాగడానికి ఆగినప్పుడు, పక్కనున్న లారీని ఒక్కసారి కింద వైపు చూడండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో, ఛాసిస్‌కి ఒక పక్కన పెద్ద డబ్బా లాంటిది వేలాడుతూ ఉంటుంది. అదే డీజిల్ ట్యాంకు. దాని చుట్టూ రెండు ఇనుప పట్టీలు బిగించి ఉంటాయి. మూడు వేళ్ల వెడల్పు ఉంటే ఎక్కువ. ఆ ట్యాంకు ఊడి రోడ్డు మీద పడకుండా పట్టుకున్నవి అవే.

ఈ కాలమ్‌లో మామూలుగా ఫోన్లూ, యాప్‌లూ, మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల తిప్పలూ రాస్తుంటా. ఈ వారం లారీ పట్టీలు. "మనకెందుకు బ్రో" అనకండి. బైక్ మీద తిరిగే ప్రతి ఒక్కరికీ దీంతో పనుంది. ఎలాగో చెప్తా.

ముందు చిన్న లెక్క. ఒంగోల్లో ఉండే మా మామయ్యకి రెండు లారీలున్నాయి. ఒక్కోదానికి 365 లీటర్ల ట్యాంకు. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు తూగుతుంది. అంటే ఫుల్ ట్యాంకు కొట్టిస్తే డీజిలే 300 కిలోల పైన. ఒకటిన్నర బుల్లెట్ బండి బరువు. ట్యాంకు ఇనుము బరువు దానికి అదనం.

ఇదంతా బండి ఆగి ఉన్నప్పటి మాట. గోతిలో పడి లేచినప్పుడు ఆ క్షణానికి బరువు మూడింతలైంది అనుకుందాం. 900 కిలోలు. సడన్ బ్రేక్ వేస్తే అదే బరువు ముందుకు తోస్తుంది. ట్యాంకు సగమే ఉంటే లోపల డీజిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. దాన్ని తగ్గించడానికే పెద్ద ట్యాంకుల లోపల చిల్లులున్న అడ్డుగోడలు పెడతారు. తగ్గుతుంది గానీ, పూర్తిగా ఆగదు. రోజుకి కొన్ని వేలసార్లు ఈ తోపులాట జరుగుతూనే ఉంటుంది.

దీన్నంతా తట్టుకునే ఏర్పాటు చాలా సింపుల్. ఛాసిస్‌కి రెండు బ్రాకెట్లు బోల్టులతో బిగించి ఉంటాయి, 'ఎల్' అక్షరం ఆకారంలో. ట్యాంకు వాటి మీద కూర్చుంటుంది. ట్యాంకు బరువు మోసేది ఆ బ్రాకెట్లే. పట్టీ పని వేరే. ట్యాంకు పైనుంచి చుట్టి, చివర ఉన్న బోల్టుతో లాగి, ట్యాంకుని బ్రాకెట్‌కి నొక్కి పెట్టడం. అలా నొక్కి ఉన్నంతసేపే ట్యాంకు జరగదు, తిరగదు. మధ్యలో రబ్బరు ఉంటుంది. పట్టీకీ ట్యాంకుకీ మధ్య ఒకటి, బ్రాకెట్‌కీ ట్యాంకుకీ మధ్య ఒకటి. ఇనుము ఇనుముని రాసుకోకుండా, ట్యాంకు జారకుండా కాపాడేది అది.

కాబట్టి పట్టీ తెగినప్పుడే ప్రమాదం మొదలవుతుందనుకుంటే పొరపాటు. పట్టీ వదులైన రోజే మొదలవుతుంది. వదులైతే ట్యాంకు కొద్దికొద్దిగా కదులుతుంది. కదిలిన ప్రతిసారీ పట్టీకి ఒక దెబ్బ. ఇనుప తీగని చేత్తో అటూ ఇటూ పదిసార్లు వంచితే ఏమవుతుందో తెలుసుగా. సన్నని చీలిక వస్తుంది. సాధారణంగా బోల్టు దగ్గర మడతలోనో, వెల్డింగ్ అతుకు దగ్గరో. ఒక రోజు టప్‌మని తెగుతుంది. అప్పటిదాకా ఇద్దరు మోసిన దెబ్బలన్నీ ఇక రెండో పట్టీ ఒక్కటే మోయాలి. అది కూడా అదే వయసుది, అదే తుప్పు పట్టినది.

ఇప్పుడు బైక్ సంగతి. ట్యాంకు పూర్తిగా ఊడి పడక్కర్లేదు. కొద్దిగా జరిగితే చాలు, డీజిల్ పైపు లాగినట్టై కారడం మొదలవుతుంది. పెట్రోల్ అయితే త్వరగా ఆవిరైపోతుంది. డీజిల్ అలా కాదు, రోడ్డు మీద జిడ్డులా ఉండిపోతుంది. వెనకాల మలుపులో వచ్చే బైక్ జర్రున జారుతుంది. పడేది మనమే. లారీ మాత్రం అప్పటికి పది కిలోమీటర్లు దాటిపోయి ఉంటుంది. ఇక ఓనరు జేబు సంగతి. డీజిల్ లీటరు 95 రూపాయలు వేసుకున్నా, 300 లీటర్లు నేలపాలైతే 28,500.

"పది నిమిషాల పని"

మామయ్య లారీల్లో ఒకటి చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు కృష్ణపట్నం పోర్టుకి తోలుతుంది. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం ఆయన ఫోను. "ఒరేయ్, నువ్వు ఇంజినీరింగ్ చదివావుగా. మా డ్రైవరు ఒకటే గొడవ. నువ్వైనా చెప్పు."

నాది కంప్యూటర్ సైన్స్ మామయ్యా అన్నా వినే మనిషి కాదు. డ్రైవరన్న వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. టార్చి వేసి ట్యాంకు కింద చూపించాడు. వెనక పట్టీ మడత దగ్గర వెడల్పులో సగం దాకా చీలిక. పక్కన ఎర్రటి పొడి. లోపల రబ్బరు స్థానంలో ఎవరో ఎప్పుడో పాత టైరు ట్యూబు కోసి పెట్టారు. అది డీజిల్ తాగి ఉబ్బి, వేలితో నొక్కితే హల్వాలా ఉంది.

"వెల్డింగ్ షెడ్డులో అడిగాను బాబూ. పది నిమిషాల పని, అతుకు పెడతానంటున్నాడు. ఓనరు గారేమో సాయంత్రం లోడుంది, పెట్టించి పొమ్మంటున్నారు. నేను ఈ బండి ఎక్కను."

ఇటు మామయ్య బాధా తప్పుడుది కాదు. నెలాఖరు. రెండు బండ్లకీ ఈఎంఐ. ఈ లోడు వదిలితే వరస పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. కానీ డ్రైవరన్న వైపు కూడా చూడాలి. ట్రిప్పు వెళ్లకపోతే ఆయనకి బత్తా రాదు. తన డబ్బు తను పోగొట్టుకుని మరీ ఒక మనిషి "వద్దు" అంటున్నాడంటే, ఆ మాటకి బరువుంటుంది.

నేను మామయ్యకి రెండే చెప్పా. ఒకటి, అతుకు పెట్టిన పట్టీ పాత పట్టీ కాదు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న ఇనుము గుణం మారిపోతుంది, మళ్లీ చీలిక అక్కడే మొదలవుతుంది. రెండు, డీజిల్ ట్యాంకుకి ఆనించి నిప్పు పెట్టడం ఏంటి మామయ్యా? ట్యాంకు ఖాళీ చేశాం కదా అంటారు కొందరు. ఖాళీ ట్యాంకు ఇంకా డేంజరు. లోపల మిగిలేది ఆవిరీ, గాలీ. పేలడానికి కావాల్సింది ఆ రెండే.

కాసేపు సణిగాడు. తర్వాత లోడు వేరే బండికి ఇచ్చేశాడు. మర్నాడు పొద్దున పట్టీలు కొనడానికి డ్రైవరన్నే బయల్దేరాడు. కొలతలు ఏం తీసుకోవాలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. అదే ఇక్కడ ఇస్తున్నా. ఇంట్లో లారీ, టిప్పర్, బస్సు ఏదున్నా పనికొస్తుంది.

కొనేటప్పుడు

బండి మోడల్ పేరు చెప్పి "ట్యాంకు పట్టీ ఇవ్వండి" అంటే సరిపోదు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ట్యాంకులు రావొచ్చు. పైగా సెకండ్ హ్యాండ్ బండి అయితే ట్యాంకే మార్చి ఉండొచ్చు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పేరు ఒకటే, వెర్షన్ వేరు. ముందు ట్యాంకు మీదా, పాత పట్టీ మీదా పార్ట్ నంబరు ఉందేమో చూడాలి. లేకపోతే కొలతలే దిక్కు. ట్యాంకు గుండ్రమా, చతురస్రమా, 'డి' ఆకారమా. చుట్టుకొలత ఎంత. పట్టీ వెడల్పు, మందం, పొడవు ఎంత. పాత పట్టీ సాగి ఉంటుంది కాబట్టి దాని పొడవొక్కటే నమ్మకూడదు. టేపుతో ట్యాంకునీ కొలవాలి.

తర్వాత లోహం. జింకు పూత ఉన్న మామూలు ఉక్కు పట్టీ చాలా బండ్లకి చాలు. పోర్టుకి తిరిగే బండికి ఉప్పు గాలి తగులుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ గురించి ఆలోచించొచ్చు. కానీ దానికో తిరకాసు ఉంది. నట్టు, బోల్టు రెండూ స్టెయిన్‌లెస్ అయితే బిగించేటప్పుడు మరలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఇటూ రాదు, అటూ రాదు. యాంటీ సీజ్ పేస్టు రాసి, నెమ్మదిగా తిప్పాలి. ఇక ట్యాంకు అల్యూమినియందైతే ఉక్కు పట్టీ దానికి నేరుగా తగలనే కూడదు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో వాన నీళ్లు. చిన్నప్పటి సైన్సు పుస్తకంలో బ్యాటరీ బొమ్మ గుర్తుందా? అదే జరుగుతుంది, అల్యూమినియం తినేసుకుపోతుంది. అడ్డుగా ఉండేది రబ్బరే.

అందుకే రబ్బరు దగ్గర పీనాసితనం వద్దు. టైరు ట్యూబులో ఉండే రబ్బరు గాలిని పట్టి ఉంచడానికి మంచిదే గానీ, డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడితే పట్టీ వదులవుతుంది. నైట్రైల్ లాంటి ఆయిల్‌ని తట్టుకునే రబ్బరు అడగాలి. గోనె, ఫెల్టు గుడ్డ లాంటివి అసలొద్దు. నీళ్లు పీల్చి పట్టుకుంటాయి, పైకి కనపడకుండా పట్టీ కింద ట్యాంకుకి తుప్పు పడుతుంది.

ఇక బోల్టు. తల మీద 8.8 అనో, 10.9 అనో అంకె ఉంటుంది. అది సైజు కాదు, బలం. మొదటి అంకెని వందతో గుణిస్తే ఆ ఉక్కు ఎంత లాగితే తెగుతుందో మెగాపాస్కల్స్‌లో వస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో ఎంత శాతం దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెప్తుంది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టు 5 టన్నుల పైన లాగితే గానీ సాగదు. అదే సైజు 4.6 బోల్టు 2 టన్నులకే సాగుతుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. షాపులో తల మీద అంకె చూడకుండా తీసుకోవద్దు. మర కూడా చూడాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలు మర 1.75, సన్న మర 1.25 లేదా 1.5 ఉండొచ్చు. రెండు చుట్లు చేత్తో తిరిగి, తర్వాత పానా వేస్తే గానీ కదలట్లేదంటే, అది తప్పు మర. బలవంతం చేస్తే రెండూ పాడు.

నట్టు వదులవకుండా చాలామంది స్ప్రింగ్ వాషరు వేస్తారు. 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ఒక మెషీన్ మీద ఇది పరీక్షించాడు. బోల్టుకి అడ్డంగా అటూ ఇటూ ఊపితే నట్టు దానంతటదే ఎలా విప్పుకుంటుందో చూపించాడు. అలాంటి ఊపుడుకి స్ప్రింగ్ వాషరు పెద్దగా ఆగదు. లారీ ట్యాంకుకి తగిలేది అచ్చం అలాంటి ఊపుడే. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు నయం. అది ఒకసారి విప్పితే పట్టు తగ్గిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తదే వేయాలి. నట్టు ధర ఎంతని?

మార్చేటప్పుడు

డీజిల్ బాగా తగ్గాక చేసుకుంటే సుఖం. బండి సమంగా ఉన్న నేల మీద ఆపి, చక్రాలకి అడ్డు పెట్టాలి. చుట్టుపక్కల బీడీ, గ్రైండర్, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. ట్యాంకు కింద జాకీ, జాకీ మీద వెడల్పాటి చెక్క. చెక్క లేకుండా జాకీ పెడితే ట్యాంకు సొట్టపోతుంది.

పట్టీలు రెండూ ఒకేసారి విప్పొద్దు. ఒకటి మార్చి, చేతిబిగువుగా పెట్టి, రెండోదానికి వెళ్లాలి. ఒకటే చీలింది కదా, ఒకటే మారుద్దాం అన్నాడు మామయ్య. రెండూ ఒకే రోడ్డు మీద ఒకే దెబ్బలు తిన్నవి. మారిస్తే జంటగానే. విప్పినప్పుడు బ్రాకెట్ కూడా చూడాలి. మూలలో చీలిక ఉందా, ఛాసిస్‌కి పట్టుకున్న బోల్టులు వదులుగా ఉన్నాయా అని. బ్రాకెట్ చీలి ఉంటే కొత్త పట్టీ వేసి లాభం లేదు. అలాగే బ్రాకెట్ కొత్త చోట పెడదామని ఛాసిస్ పైన, కింద ఉండే అంచుల్లో కన్నాలు వేయించొద్దు. ఛాసిస్ బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది.

తుప్పు గీకి, రంగు వేసి, ఆరాక రబ్బరు పెట్టి, పట్టీ వేయాలి. రబ్బరు మడతపడకుండా, అంచు దాటకుండా కూర్చోవాలి. రెండు నట్లనీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. ఎంత? ఇక్కడే ఇంటర్నెట్ మోసం చేస్తుంది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకి మామూలు పట్టికల్లో సుమారు 80 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. అది ఇనుముని ఇనుముకి బిగించేటప్పటి లెక్క. ఇక్కడ మధ్యలో రబ్బరుంది, లోపల పల్చటి ట్యాంకు ఉంది. అంత బిగిస్తే ట్యాంకు నొక్కుకుపోవచ్చు, పట్టీ సాగొచ్చు. బండి వర్క్‌షాప్ మాన్యువల్లో గానీ, పట్టీ కంపెనీ ఇచ్చిన కాగితంలో గానీ ఉన్న అంకె చూసి, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. "పానాకి పైపు తగిలించి ఊగితే గట్టిగా ఉంటుంది" అనే సలహా గట్టితనానిది కాదు, కండబలానిది.

పని అయ్యాక నట్టు నుంచి బోల్టు మీదుగా ఒక గీత, తెల్ల పెయింటుతో. నట్టు తిరిగితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. కొత్త రబ్బరు మొదటి కొన్ని రోజుల్లో అణిగి, బిగువు తగ్గుతుంది. అందుకే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూసుకోవాలి. అందరూ మర్చిపోయేది ఈ మెట్టే.

రూల్ ఏమంటోంది?

మన దగ్గర రవాణా వాహనాలకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అమెరికాలో లారీలకి ఏడాదికోసారి జరిగే తనిఖీ జాబితాలో ట్యాంకు బిగింపు సంగతి విడిగానే రాసి ఉంటుంది. బిగింపు బోల్టులు, బ్రాకెట్లు వదులైనా, విరిగినా, లేకపోయినా బండి ఫెయిల్. కొన్ని ట్యాంకులు స్ప్రింగుల మీదో, రబ్బరు బుష్‌ల మీదో కొంచెం కదిలేలానే తయారుచేస్తారని కూడా అందులో గుర్తుచేస్తారు. అంటే చూసేవాడికి ఏది ఉండాల్సిన కదలికో, ఏది జబ్బో తెలియాలి.

కానీ ఏ తనిఖీ అయినా ఏడాదికి ఒక్క రోజు. మిగతా 364 రోజులు ఆ పట్టీని చూసేది డ్రైవరు. పొద్దున నీళ్లు, గాలి చూసేటప్పుడు టార్చి వేస్తే నిమిషం పని. పట్టీ పక్కన రంగు రాసుకుపోయి మెరుస్తోందా, ఎర్రటి పొడి ఉందా, గీత విరిగిందా, రబ్బరు బయటికొచ్చిందా, పైపు దగ్గర తడి ఉందా? బీఎస్6 బండైతే పక్కనే యాడ్‌బ్లూ ట్యాంకు కూడా ఉంటుంది. దాని నుంచి కారే ద్రవం మామూలు ఇనుముని తినేస్తుంది. దాని కింద తెల్లటి పొక్కు కట్టిందేమో చూడాలి. నెలకోసారి అదే కోణంలో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటే పాతదీ కొత్తదీ పోల్చుకోవచ్చు.

అయితే చూసినది చెప్పే ధైర్యం డ్రైవరుకి ఉండాలి. మా ఆఫీసులో ఎవరైనా బగ్ కనిపెట్టి రిలీజ్ ఆపితే, ఆ రోజు జీతం కోయరు. లారీ లోకంలో మాత్రం "బండి బాలేదు" అన్న రోజు డ్రైవరుకి బత్తా ఉండదు. చెప్పినవాడికి నష్టం, చెప్పకుండా తోలినవాడికి డబ్బు. ఇలాంటి లెక్క పెట్టుకుని "డ్రైవర్లు బండిని చూసుకోరండీ" అంటే ఏం లాభం?

మామయ్యకి ఈ మాట ఫోన్లో చెప్పా. "నువ్వు బెంగళూరులో కూర్చుని బాగానే చెప్తావురా" అన్నాడు. ఆ నెల లెక్కల్లో మాత్రం ఆగిన రోజుకి కూడా డ్రైవరన్న బత్తా రాశాడు. రెండు పట్టీలు, రబ్బర్లు, బోల్టులు అన్నీ కలిపితే అయిన ఖర్చు, ఒక కొత్త టైరు ధరలో చిన్న ముక్క.

ఇది చదివేవాళ్లలో నాన్నకో, బాబాయికో, మామయ్యకో లారీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఈ ఆదివారం ఇంటికెళ్తే బండి కిందకి ఒకసారి టార్చి వేయండి. పట్టీ బాగుంటే ఫోటో తీసి పెట్టుకోండి. బాగాలేకపోతే, ముందు డ్రైవరుని అడగండి, ఎన్నాళ్లుగా తెలుసని. చాలాసార్లు ఆయనకి ముందే తెలిసి ఉంటుంది.